ఫ్లోరీ ఎవరండీ, కీలో లేడు!

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. రేపు రాస్తే మర్యాదగా వస్తుంది. ఆ మర్యాద నాకు అక్కర్లేదు.

మా అక్క కూతురికి సైన్స్ టెస్ట్ పేపర్ దిద్ది ఇచ్చారు. ఏడో తరగతి పిల్ల. "పెనిసిలిన్‌ను కనుగొన్నది ఎవరు?" అని ఒక బిట్టు ఉంది. ఇది ఏం రాసిందంటే, "1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో గుర్తించాడు. ఫ్లోరీ, చెయిన్ దాన్ని మందుగా తయారు చేశారు." అంతే, రెండు ముక్కలు. అర మార్కు కోసేశారు. పక్కన ఎర్ర పెన్నుతో "అడిగినదే రాయాలి" అని ఉపదేశం. అక్క ఉండబట్టలేక టీచర్‌కు ఫోన్ చేసి అడిగితే, అటునుంచి వచ్చిన జవాబు వినండి: "ఫ్లోరీ ఎవరండీ, కీలో లేడు కదా!"

కీలో, అంటే జవాబుల పట్టీలో, లేడట. 1945లో వైద్యశాస్త్రం నోబెల్ ఇచ్చినప్పుడు ఫ్లెమింగ్ పక్కనే ఫ్లోరీ, చెయిన్ పేర్లు కూడా ఉన్నాయి. పాపం నోబెల్ కమిటీ వాళ్ళకు మన కీ అందినట్టు లేదు.

"పిన్నీ, నేను తప్పు రాశానా?" అని అడిగింది పిల్ల. ఏం చెప్పమంటారు?

సరే, ఆ "ఎవరండీ" గారి సంగతి కాస్త చెప్పుకుందాం. ఫ్లెమింగ్ బూజు చుట్టూ బాక్టీరియా చచ్చిపోవడం చూశాడు, 1929లో పేపర్ రాశాడు. గొప్ప చూపే, కాదనను. కానీ ఆ బూజు రసంలోంచి అసలు సరుకును విడదీసి నిలవ ఉంచడం ఆయన వల్ల కాలేదు. దాదాపు పదేళ్ళు ఆ పేపర్ అలా పడి ఉంది. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. యుద్ధం రోజులు, సామాను దొరకదు. బూజు పెంచడానికి హీట్లీ ఆసుపత్రి బెడ్‌పాన్‌లు వాడాడు. అవును, రోగుల మంచం కింద పెట్టేవే. 1940 మే 25న ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణం తీసే బాక్టీరియా ఎక్కించి, నాలుగింటికి మాత్రం మందు ఇచ్చారు. తెల్లారేసరికి మందు అందని నాలుగూ చచ్చిపోయాయి, అందినవి బతికే ఉన్నాయి. జర్మన్లు దండెత్తి వస్తే ల్యాబ్ వదిలి పారిపోవాల్సి వస్తుందేమో, అప్పుడు కూడా ఆ బూజు తమతో ఉండాలని కోటు లోపలి గుడ్డకు బూజు రుద్దుకున్నారు!

ఇక 1941. ముఖమంతా పుండ్లు పడి చావుబతుకుల్లో ఉన్న ఒక పోలీసు కానిస్టేబుల్‌కు ఆ మందు ఎక్కించారు. మనిషి తేరుకోవడం మొదలైంది. మందు అయిపోతోంది. అతని మూత్రం పట్టి, అందులోంచి పెనిసిలిన్ తీసి, మళ్ళీ అతనికే ఎక్కించారు. చివరికి అదీ చాలలేదు. అతను చనిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఏడో తరగతి పిల్లలకు బెడ్‌పాన్, బూజు కోటు, మూత్రంలోంచి తీసిన మందు గురించి చెబితే ఎవడైనా జీవితంలో మర్చిపోతాడా? క్లాసంతా "ఛీ" అని అరుస్తూ ఒక్క ముక్క వదలకుండా వింటారు. ఇంటికొచ్చి అన్నం మానేసి మరీ మనకు చెబుతారు. కానీ కాదు. మనకు కావాల్సింది "పెనిసిలిన్ — ఫ్లెమింగ్", ఒక గీత, ఒక మార్కు. హీట్లీ మాట ఎత్తితే ఇంకో అర మార్కు పోయేదేమో. ఆయనకు నోబెల్ కూడా రాలేదు కదా, బొత్తిగా ఏ కీలోనూ దొరకడు.

పాఠం చివర చిన్న డబ్బాలో గడ్డం మనిషి బొమ్మ, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, కనిపెట్టినది. శాస్త్రవేత్త అంటే పిల్లలకు తెలిసింది ఇదే. పుట్టడం, కనిపెట్టడం, పోవడం. మధ్యలో ఎవరితోనూ గొడవ పడడు, ఎవరి దగ్గరా అప్పు చేయడు, తప్పు లెక్క వేయడు. ప్రాజెక్టు వర్క్ అని ఒక చార్టు చేయిస్తారు, అది తల్లి చేస్తుంది. స్కెచ్ పెన్నుతో అంచులు దిద్దుతూ మా అక్క ఎన్ని రాత్రులు మేల్కొందో ఆ గడ్డాల వాళ్ళకే తెలియాలి.

న్యూటన్‌నే తీసుకోండి. నెత్తిన ఆపిల్ పడింది, గురుత్వాకర్షణ తెలిసింది, పాఠం సమాప్తం. ఆపిల్ ఆయన నెత్తిన పడిందని ఆయన ఎక్కడా చెప్పలేదు. తోటలో పండు పడటం చూసి ఆలోచనలో పడ్డానని ముసలితనంలో, 1726లో, స్ట్యూక్లీ అనే మిత్రుడితో అన్నాడు, అంతే. అసలు గమ్మత్తు ఆ తర్వాతది. ప్లేగు భయంతో కేంబ్రిడ్జి మూసేస్తే 1665లో ఇంటికొచ్చిన కుర్రాడు న్యూటన్‌కు ఈ ఆలోచన మొదలైంది అప్పుడే. దాన్ని వివరించిన ఆయన పుస్తకం ప్రిన్సిపియా అచ్చయింది 1687లో. మధ్యలో ఇరవై ఏళ్ళు! 1684లో హేలీ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి, సూర్యుడి ఆకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతూ ఉంటే గ్రహం ఏ దారిలో తిరుగుతుందని అడిగితే, "దీర్ఘవృత్తం, ఎప్పుడో లెక్క కట్టాను" అన్నాడు. ఆ కాగితం ఏదయ్యా అంటే దొరకలేదు. హోంవర్క్ చేశాను కానీ నోట్‌బుక్ కనబడటం లేదని చెప్పే పిల్లలందరికీ కులదైవం న్యూటనే.

ఇంకా ఉంది. ఆ పుస్తకం అచ్చేయాల్సిన రాయల్ సొసైటీ అనే లండన్ శాస్త్రవేత్తల సంఘం దగ్గర డబ్బుల్లేవు. ఎందుకంటే అప్పటికే చేపల మీద ఒక భారీ పుస్తకం వేసి చేతులు కాల్చుకున్నారు. చివరికి హేలీ తన జేబులోంచి పెట్టి ప్రిన్సిపియా అచ్చేయించాడు. ఆ తర్వాత హేలీకి సొసైటీ జీతం ఇవ్వాల్సి వస్తే, అమ్ముడుపోని ఆ చేపల పుస్తకాలే చేతిలో పెట్టింది. ప్రపంచాన్ని మార్చిన పుస్తకం వెనక ఇంత కామెడీ ఉంటే, మీరు పిల్లలకు చెప్పేది ఆపిల్‌పండు. ఆర్కిమెడీస్ స్నానాల తొట్టి కథా అంతే, ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళకు విట్రూవియస్ అనే రోమన్ రచయిత రాసింది. గెలీలియో పీసా గోపురం మీదినుంచి గుండ్లు వదిలాడనేది ఆయన పోయాక శిష్యుడు వివియానీ రాసిన జీవిత చరిత్రలోంచి వచ్చింది. ఇవి గ్యారంటీగా జరిగినట్టు పాఠాల్లో ఉంటాయి, గ్యారంటీగా జరిగిన ఫ్లోరీకి మాత్రం ఎర్ర పెన్ను!

మేరీ క్యూరీ? "నోబెల్ పొందిన తొలి మహిళ", బిట్టు అయిపోయింది. రష్యన్ల ఏలుబడిలో ఉన్న వార్సాలో ఆడపిల్లలను యూనివర్సిటీలోకి రానివ్వకపోతే దొంగచాటుగా నడిచే క్లాసుల్లో చదివిందని, పారిస్‌లో అక్క డాక్టరు చదువుకు డబ్బు పంపడానికి వేరే వాళ్ళ ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం చేసిందని ఎవరు చెబుతారు? 1911 జనవరిలో ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఆమెను సభ్యురాలిగా తీసుకోకుండా ఓడించింది. అదే ఏడు ఆమెకు రెండో నోబెల్ వచ్చింది. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వెనక బెంచీలో నిద్రపోతున్న ఆడపిల్ల లేచి కూర్చుంటుంది. ఇక లీజా మైట్నర్ పేరైతే టీచర్లే విని ఉండరు. పరమాణువు కేంద్రకం చీలిపోతోందని వివరించి చెప్పిన మనిషిని పక్కనబెట్టి 1944 కెమిస్ట్రీ నోబెల్ ఆమెతో కలిసి పనిచేసిన ఒట్టో హాన్‌ ఒక్కడికే ఇచ్చారు. అంతెందుకు, మన యల్లాప్రగడ సుబ్బారావు గురించి మన పిల్లలకు ఒక వాక్యం కంటే ఎక్కువ తెలుసా? మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన మనిషి. శరీరంలో శక్తిని మోసే ఏటీపీని ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో బయటపెట్టాడు. ఫెయిలైన పిల్లలకు ధైర్యం చెప్పాలంటే ఈయన కథ చెప్పొచ్చు కదా!

చెప్పరు. దానికి ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిలయ్యాడనే అబద్ధం రెడీగా ఉంది. ఆయన ఏ రోజూ లెక్కల్లో తప్పలేదు మహాప్రభో! పదిహేనేళ్ళు నిండకముందే కాలిక్యులస్ నేర్చేసుకున్నాడు. 1895లో జూరిక్ పాలిటెక్నిక్ ఎంట్రన్స్‌లో తప్పిన మాట నిజం, అప్పటికి మిగతావాళ్ళకంటే రెండేళ్ళు చిన్న. అందులో కూడా లెక్కలు, ఫిజిక్స్ అద్భుతంగా రాశాడు, పోయింది మిగతా సబ్జెక్టుల్లో.

ఈ మాటలు సైన్స్ టీచర్‌తో అంటే "ఇదంతా హిస్టరీ అండీ" అంటారు. హిస్టరీ టీచర్‌తో అంటే "ఇదంతా సైన్స్ కదండీ" అంటారు. న్యూటన్ ఎవరి పీరియడ్‌లోనూ పూర్తి మనిషిగా కనబడడు. హిస్టరీలో పారిశ్రామిక విప్లవం పాఠం ఉంటుంది. అందులో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కనిపెట్టాడని ఉంటుంది. 1712లోనే న్యూకమెన్ ఇంజిను గనుల్లో నీళ్ళు తోడుతోంది. వాట్ దాని నమూనా ఒకటి రిపేరుకొస్తే, ఇంత ఆవిరి ఎందుకు దండగవుతోందని తల పట్టుకుని, 1765లో దారి కనిపెట్టాడు. అంటే మెకానిక్ పని చేస్తూ చేస్తూ చరిత్ర మార్చాడు. ఇది ఏ సబ్జెక్టు? ఏ గ్రూపు? ఏ కీ?

గ్రూపు అంటే గుర్తొచ్చింది. నాకు హిస్టరీ అంటే ప్రాణం. పది అయ్యాక హిస్టరీ తీసుకుంటానంటే ఇంట్లో పంచాయతీ పెట్టారు. దానికి పెద్దమనిషి మా పెదనాన్న. "హిస్టరీ చదివి ఏం చేస్తావమ్మా, గోతులు తవ్వుతావా? చచ్చినవాళ్ళ గురించి తెలుసుకుంటే ఏమొస్తుంది?" అన్నారు. అందరూ నవ్వారు. నన్ను లెక్కల్లో పడేశారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది పెదనాన్నా, మీరు ఈ పోస్ట్ చదువుతున్నారని కూడా తెలుసు.

ఎందుకంటే ఆ పెదనాన్నే ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే చరిత్ర పాఠాలు పంపుతున్నారు. "ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిల్, మీరెందుకు దిగులు పడతారు?" అనేది పంపింది ఆయనే. కింద గులాబీ పువ్వు. నేను 1895 సంగతి మొత్తం టైప్ చేసి పెట్టాను. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, ఇంకో గ్రూపులోకి అదే ఫార్వార్డ్ చేశారు. ఇవాళ న్యూటన్, ఆపిల్ వచ్చాయి. ఇంకా జవాబు ఇవ్వలేదు, చేపల పుస్తకం గురించి వాయిస్ మెసేజ్ పెడదామనుకుంటున్నాను, పదిహేను నిమిషాలది.