రబ్బరు ముద్ర గారికి ఒక ప్రిసైడింగ్ ఆఫీసరు మొర

శ్రీయుత ఓటు ముద్ర గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు బడిపంతులు నమస్కరించి రాయునది.

ఇక్కడ క్షేమం. మీరూ ఏ బ్లాకాఫీసు బీరువాలోనో, ఎండిపోయిన ఇంకు ప్యాడు పక్కన క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఐదేళ్లకోసారి ఒక పూట డ్యూటీ, మిగతా కాలమంతా నిద్ర. ఇంత మంచి ఉద్యోగం గవర్నమెంటులో ఇంకెవరికీ లేదు. టౌన్ల వాళ్లకి ఓటు యంత్రాలు వచ్చేశాయి కాబట్టి మున్సిపాలిటీల్లో మీకు ఆ పూట కూడా లేదు. పంచాయతీ ఎన్నికలు మాత్రం మా గజపతి జిల్లాలో ఇంకా మీ చేతి మీదుగానే సాగుతున్నాయి.

2022 ఫిబ్రవరిలో మనం కలిశాం, గుర్తుందా? 16 నుంచి 24 దాకా ఐదు విడతల్లో ఒడిశా అంతటా పోలింగు జరిగింది. అంతకుముందు నాకు ట్రైనింగిచ్చారు. సగం పూట పెట్టె మూత తీయడం, వేయడం. తర్వాత కాగితం సీలు. ఆ తర్వాత కవర్లు: ఏ కవర్లో ఏది పెట్టాలి, దేనికి లక్క వేయాలి, దేనికి వేస్తే తప్పు. మధ్యలో టీ, సింగడాలు. (సరిహద్దుకి అవతలి ఆంధ్రా పాతపట్నం వాళ్లు సమోసా అనుకుంటారు, అనుకోనివ్వండి.) మీ వంతు వచ్చేసరికి ట్రైనింగు సారు గడియారం చూసుకుని, మిమ్మల్ని రెండు వేళ్లతో పైకెత్తి, "ఇది మొహర, మీకు తెలిసిందే" అని (ఒడియాలో మీ పేరు అదే) మళ్లీ సంచిలో పడేశారు. పట్టుమని అర నిమిషం కాలేదు. లక్కకున్న మర్యాద కూడా మీకు దక్కలేదు.

ఓటర్ల అవగాహన సంగతి ఇంకా బాగుంది. మా బడి పిల్లల్నే వరసలో నిలబెట్టి తెలుగు వీధుల్లో ఒడియా నినాదాలిప్పించాం. ప్రతిజ్ఞ చేయించాం. ముగ్గుల పోటీ పెడితే అన్ని ముగ్గుల్లోనూ సిరా చుక్క పెట్టిన వేలే. పోస్టర్లో వేలు, బ్యానర్లో వేలు, సెల్ఫీలో వేలు. మీ బొమ్మ ఒక్కచోట లేదు. ఓటు వేయండి, తప్పక వేయండి, అమ్ముకోకండి అని చెప్పని వాళ్లు లేరు. ఎలా వేయాలో ఎవరూ చెప్పలేదు.

అసలు మా ముసలివాళ్లకి వేలితో ఉన్న అనుబంధం మీకు తెలియదు. సర్కారిచ్చే మధుబాబు పింఛను చేతికి పుచ్చుకున్నప్పుడల్లా రిజిస్టర్లో వేలిముద్ర. రేషను బియ్యానికి మిషను మీద వేలిముద్ర. చివరికి నా పోలింగు కేంద్రంలోనే, బ్యాలెట్ చించి ఇచ్చే ముందు కౌంటర్‌ఫాయిలు మీద వేలిముద్ర. ఏళ్ల తరబడి సర్కారు వాళ్లకి నేర్పిన పాఠం ఒక్కటే: నువ్వంటే నీ బొటనవేలే. సరిగ్గా ఆ వేలికి తడి ఆరకుండానే అట్ట చాటుకి పంపి, అక్కడ బ్యాలెట్ మీద అదే వేలు పెడితే, ఓటు చెల్లదంటాం! నేరం వేలిదా, మీదా, నాదా?

పైగా కాయితాలు నాలుగు. వార్డు మెంబరు, సర్పంచి, పంచాయతీ సమితి మెంబరు, జిల్లా పరిషత్తు. పొద్దున్న ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగు. ఆరువందల మంది వస్తే రెండువేల నాలుగువందల కాయితాలు, అంటే నిమిషానికి ఆరేడు. అన్నిటి మీదా మీ నొక్కే పడాలి. అన్నట్టు సర్పంచిగా నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలని ఇక్కడ చట్టం. ఓటరుకి ఆ షరతు లేదు. లేదు కాబట్టే మా వీధిలో సగం మంది ఓటేయగలుగుతున్నారు.

ఇక ఆరోజు జరిగింది చెబుతాను. పదకొండు దాటాక ఒక అవ్వ వచ్చింది.

"ఏటి బాబూ, నాలుగేల?"

చెప్పాను.

"ఎక్కడ నొక్కాలి?"

"నీకిష్టమైన గుర్తు మీద అవ్వా."

"నాకిష్టమైంది నీకెందుకు సెప్తాను?" అని లోపలికెళ్లింది. అభ్యర్థుల ఏజెంట్లు నవ్వారు. నవ్వదగ్గదే, కానీ ఓటు రహస్యమని మా సారు గంట చెప్పిన దానికంటే ఆ అవ్వే బాగా చెప్పింది.

చాలాసేపయింది. బయటికొచ్చి ఒక్కో కాయితం పెట్టెలో వేసింది. నాలుగో కాయితం తర్వాత లోపల ఠంగుమంది. అవ్వ వెళ్లిపోతోంది. తర్వాతి మనిషి అట్ట చాటు నుంచి తల బయటపెట్టి, "మాస్టారూ, ఇక్కడ ముద్ర లేదు" అన్నాడు.

పుల్లంత మనిషివే కాబట్టి ఆ సన్న కంతలో ఎలాగో పట్టావు. (కోపంలో ఏకవచనం వచ్చేసింది, మన్నించాలి.) ఒక ఏజెంటు పెట్టె తెరవమంటాడు, ఇంకొకడు తెరిస్తే ఊరుకోనంటాడు. లెక్కింపుకి ముందు పెట్టె తెరవకూడదని నాకు తెలుసు. గుమ్మం దాకా పరుగెత్తి అవ్వనడిగాను.

"నువ్వే కదేటి, అన్నీ మడతెట్టి పెట్టెలో ఎయ్యమన్నావు?"

అన్నాను. నిజమే, అన్నాను.

సంచిలో మీ తమ్ముడు ఇంకొకడున్నాడు. వాడికి పురికొస కట్టి బల్ల కాలికి ముడేసి పోలింగు గట్టెక్కించాను. నేను నింపాల్సిన పోలింగు డైరీలో దీనికి గడి లేదు. పాడైన బ్యాలెట్‌కి, గొడవకి, వర్షానికి చోటుంది గానీ ముద్ర మునిగిపోవడానికి లేదు. చివర్న "ఒక ముద్ర పెట్టెలో కలదు" అని రాసి సంతకం చేశాను.

ఆ మడత సంగతీ ఎవరూ చెప్పరు. కాయితం ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాత అడ్డంగా. నిలువుగా మడిస్తే మీ తడి మరక అంటుకున్నా అదే గుర్తు వరసలో పడుతుంది. అడ్డంగా ముందు మడిస్తే పక్కవాడి వరసలో పడి, లెక్కబెట్టే వాడికి తలనొప్పి. మడిచి, విప్పి, చూపించి ఇవ్వాలి. నిమిషానికి ఆరేడు కాయితాలిస్తూ ఎందరికి చూపించానో నన్నడగకండి.

2027లో మళ్లీ ఎన్నికలు రావాలి. ఈలోగా చిన్న మనవి. ఒక ఆదివారం మా రామమందిరం అరుగు మీదికి మీరు రండి. ప్యాడు నేను తడిపి పెడతాను. పాత కాలెండరు కాయితాల మీద ఆవు, గొడుగు, నాగలి బొమ్మలు గీసుంచుతాను. అవ్వకి కబురు చేశాను. వస్తానంది గానీ, "ఆ పుల్లని ఈసారి నా సేతికివ్వకు బాబూ, నువ్వే నొక్కీ" అంటోంది. అలా కుదరదని చెప్పడానికైనా మీరు ఎదురుగా ఉండాలి.

ఇట్లు,
మీ పూర్వ సహోద్యోగి,
(ఈసారి రిజర్వులో కూర్చోబెట్టకపోతే) ప్రిసైడింగ్ ఆఫీసరు.

తా.క.: పురికొస నేనే తెస్తాను.