టీపాయ్ మీదికి మూడు పుస్తకాలు: ఒక నిపుణుడి సిఫారసు

గృహప్రవేశానికి ఏం పట్టుకెళ్లాలి అని మా వాళ్లు అడిగితే ఇన్నాళ్లూ గోడ గడియారం అనేవాణ్ని, ఇప్పుడు మారిపోయా, బొమ్మల పుస్తకం అంటున్నా. నవ్వకండి. గడియారాలు ఊళ్లో చుట్టాల మధ్య తిరుగుతూనే ఉన్నాయి, మేమిచ్చిందే మూడేళ్లకి మాకే వచ్చింది, రంగు కాగితం కూడా మార్చలేదు. ఈ పుస్తకాలైతే గ్యాస్ బండంత బరువుంటాయి కాబట్టి ఇంకొకళ్లింటికి మోసుకెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు, పైగా చదివావా అని ఎవరూ అడగరు. ఇంగ్లీషువాళ్లు కాఫీ టేబుల్ బుక్స్ అంటారు, మనకేమో కాఫీ టేబుల్ లేదు, టీపాయ్ ఉంది, దాని మీద మనం కాఫీ తాగుతాం, సరే ఆ గొడవ ఇప్పుడొద్దు.

ఏళ్ల తరబడి పరిశోధన చేశాక (అంటే ఆదివారాలు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనకుండా తిరగేశాక) నాకు తేలిందేంటంటే మ్యూజిక్ ఫెస్టివల్స్, అంతరిక్షం, బొమ్మల పజిల్స్ అని షాపుల్లో మూడు అరలు పెడతారు చూడండి, అది వాళ్ల అజ్ఞానం. మూడూ ఒకటే సబ్జెక్టు. పెద్ద బొమ్మ ఒకటి ముందు పడేసి, ఇందులో ఒక మనిషున్నాడు వెతుక్కో ఫో అనడమే.

వుడ్‌స్టాక్ మ్యూజిక్ ఫెస్టివల్ తీసుకోండి. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాల రైతు పొలంలో జరిగింది, టికెట్లు అమ్మారు గానీ కంచె కట్టడం పూర్తవలేదు, దాంతో అందరికీ ఫ్రీ అయిపోయి దాదాపు 4 లక్షల మంది వచ్చి పడ్డారు. ఆ ఫోటోల్లో పాడేవాడు కనపడడు, తలకాయలు, బురద, దుప్పట్లు, ఇవే. మన రవిశంకర్ గారు సరిగ్గా ఆగస్టు 15న అక్కడ వానలో సితార్ వాయించారు, జెండా వందనం అంటే అదీ. ఇక అందరూ ఎదురుచూసిన గిటారు వీరుడు జిమీ హెండ్రిక్స్ స్టేజీ ఎక్కేసరికి సోమవారం పొద్దున అయింది, జనం చాలామటుకు వెళ్లిపోయారు. ఇది మనకి తెలియనిదా? అర్ధరాత్రి ముహూర్తం పెళ్లి. భోజనాలప్పుడు వెయ్యిమంది, తాళి కట్టేటప్పుడు పురోహితుడూ వీడియోవాడూ.

అంతరిక్షం పుస్తకాలు ఇంకా కఠినమైన పజిల్సు. చంద్రుడి మీద మొదట కాలు పెట్టింది ఆర్మ్‌స్ట్రాంగ్ అని చిన్నప్పటి నుంచి బట్టీ పట్టాం కదా, మరి పుస్తకం అట్ట మీద ఠీవిగా నిలబడింది ఎవరనుకున్నారు, ఆయన వెనకాల దిగిన ఆల్డ్రిన్! అక్కడున్నంతసేపూ కెమెరా ఎక్కువగా ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలోనే ఉంది, అందుకని ఆయన సరైన ఫోటోలు చాలా తక్కువ. ప్రతి ఇంట్లో ఇలాంటి నాన్న ఒకడుంటాడు, తిరపతి నుంచి ఊటీ దాకా అన్ని ఫోటోలూ తీసి ఒక్కదాంట్లోనూ ఉండడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూడాలంటే ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలోకి తొంగి చూడాలి, అగ్గిపుల్ల తలంత తెల్లగా కనిపిస్తాడు.

అసలైన పజిల్ పుస్తకాలే వీటన్నిటికన్నా ఈజీ. బ్రిటన్‌లో 1987లో మార్టిన్ హ్యాండ్‌ఫర్డ్ గీసిన వాలీ ఎర్ర చారల చొక్కా వేసుకుని జనంలో దాక్కుంటాడు, అమెరికా వెళ్లేసరికి వాల్డో అయ్యాడు, మన వెంకటేశ్వర్లు అక్కడ వెంకీ అయినట్టే. నేను ఆబిడ్స్‌లో బేరమాడి ఒకటి కొన్నా గానీ, నా కన్నా ముందెవరో బుడ్డోడు ప్రతి పేజీలోనూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టేశాడు. మొత్తం పుస్తకం నాలుగు నిమిషాల్లో పూర్తి చేశా. జీవితంలో నేను చివరిదాకా చూసిన పుస్తకం అదే, అందుకే గట్టిగా సిఫారసు చేస్తున్నా.

ఒక హెచ్చరిక మాత్రం. 1979లో కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు బంగారు కుందేలు ఒకటి చేసి భూమిలో పాతిపెట్టి, అదెక్కడుందో బొమ్మల్లో దాచి పుస్తకం వేశాడు. ఇంగ్లండ్ జనం పలుగూ పార తీసుకుని ఎక్కడపడితే అక్కడ తవ్వారు. 1982లో కుందేలు దొరికింది, తీరా చూస్తే దొరికినాయన బొమ్మలు విప్పి కనుక్కోలేదనీ, తెలిసినవాళ్ల ద్వారా ఉప్పందిందనీ తర్వాత బయటపడింది. గుప్తనిధులు మనకే సొంతం అనుకున్నాం గానీ పేపర్ లీకు కూడా వాళ్లకి ముందే ఉంది.

నా పరిశోధనకి శిఖరం అని చెప్పదగ్గది వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక తీసిన ఫోటో. 1990 ఫిబ్రవరి 14న, సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసింది, అందులో మన భూమి ఒక్క పిక్సెల్ కూడా ఉండదు. మా ఇంట్లో ఆ పేజీ టీపాయ్ మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపిస్తా, ఇదిగో ఈ చుక్కే మనం, ఈ చుక్క మీదే అన్ని గొడవలూ, అని గొంతు కాస్త వణికిస్తా కూడా. మొన్న మా పిన్ని వచ్చింది. మొత్తం ఓపిగ్గా విని, "ఏంట్రా ఇది, తుడుచుకోవచ్చుగా" అని కొంగు తడిపి ఒక్కసారి రుద్దింది. చుక్క పోయింది. ఈగ రెట్ట. అసలు భూమి దానికి రెండంగుళాల అవతలుంది, రెండేళ్లుగా.