ఏటీవీ ట్రైల్ ప్రయాణం: బండి తూకంలో మనిషి వాటా

మోటార్‌సైకిల్ దిగాక స్టాండ్ వేయాలి, ఏటీవీకి, అంటే బాటలేని నేల మీద నడిపే నాలుగు చక్రాల ఆల్ టెరైన్ వెహికల్‌కు, ఆ అవసరం లేదు. ఇంజిన్ ఆపి వదిలేస్తే నాలుగు చక్రాల మీద అలాగే నిలబడి ఉంటుంది. మొదటిసారి ఎక్కిన వారికి కలిగే ధీమా ఇక్కడి నుంచే పుడుతుంది. బొటనవేలితో థ్రాటిల్ నొక్కితే ముందుకు పోతుంది, వదిలితే నెమ్మదిస్తుంది కనుక, పది నిమిషాల్లో బండి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. చదునైన నేల మీద ఆ అభిప్రాయాన్ని కాదనేదేదీ ఎదురుకాదు. వాలు మొదలైనప్పుడే ఈ బండి తన అసలు స్వభావాన్ని చూపిస్తుంది. నడిపేవారికి ఆ స్వభావం ముందుగా తెలియకపోవడమే ఏటీవీ ప్రమాదాల్లో ఎన్నింటికో మూలమని నా అభిప్రాయం.

రాళ్లకూ దుంగలకూ అడుగుభాగం తగలకుండా సాగాలంటే బండి నేలకు ఎత్తుగా ఉండాలి. చెట్ల నడుమ నుంచి దూరిపోవాలంటే వెడల్పు తక్కువగా ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకేచోట చేరినప్పుడు గురుత్వ కేంద్రం పైకి జరిగి, పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కారులో డ్రైవరు ఎటు వంగినా కారు తూకంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మూడు వందల కిలోల ఏటీవీ మీద ఎనభై కిలోల మనిషి, అదీ బండి మొత్తానికి పైన కూర్చున్న మనిషి, ఎటు ఒరిగితే తూకం అటు మారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగడం, దిగేటప్పుడు వెనక్కి జరగడం, పక్కవాలులో పైవైపుకు ఒరగడం ఈ బండికి హ్యాండిల్‌బార్, బ్రేకు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) లేని మోడళ్లలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి కనుక, మలుపులో లోపలి చక్రం కొంత జారితే తప్ప బండి తిరగదు. అందుకే పైదేహాన్ని మలుపు లోపలికి వాల్చి, బయటివైపు పాదం మీద భారం మోపాలి. ఇది తెలియనివారు హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగా పోతుంటే కంగారుపడి థ్రాటిల్ ఇంకా నొక్కుతారు.

ఈ పాఠం లోకానికి చవకగా దొరకలేదు. 1970లో హోండా సంస్థ మూడు చక్రాల ఏటీవీని అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. పంటపొలాల్లో, ఇసుకదిబ్బల మీద దానికి విపరీతమైన ఆదరణ లభించింది. ముందు ఒకే చక్రం ఉండే ఆ బండి మలుపుల్లో బోల్తా పడటం, మరణాలూ గాయాలూ పెరగడం, వాటిలో పిల్లలు ఎక్కువగా ఉండటంతో అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం జోక్యం చేసుకుంది. 1988లో తయారీ సంస్థలు ఆ సంఘంతో కోర్టు ద్వారా ఒప్పందానికి వచ్చి, మూడు చక్రాల కొత్త బండ్ల అమ్మకాన్ని నిలిపివేశాయి, కొనేవారికి శిక్షణ అందించడానికీ అంగీకరించాయి. నాలుగో చక్రం వచ్చాక ప్రమాదం తగ్గిన మాట నిజమే గానీ, తొలగిపోలేదు. బండి తూకంలో మనిషి శరీరానికి ఉన్న పాత్ర నాలుగు చక్రాలతోనూ అలాగే మిగిలింది.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, భద్రతా సూచనలుగా వినిపించే మాటలు ఒక్కొక్కటీ ఎందుకు పుట్టాయో అర్థమవుతుంది. ఒక్కరి కోసం తయారైన ఏటీవీకి పొడుగాటి సీటు ఉంటుంది. ఆ పొడవు రెండో మనిషి కోసం కాదు, నడిపేవారు ముందుకూ వెనక్కూ జరగడానికి. అక్కడ ఇంకొకరు కూర్చుంటే నడిపేవారు జరగలేరు, పైగా వెనక చేరిన బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. పిల్లల విషయమూ అంతే. పన్నెండేళ్ల బాలుడు ఎంత చురుకైనవాడైనా, మూడు వందల కిలోల బండిని తన బరువుతో అదుపు చేయగల దేహం అతనికి ఇంకా రాలేదు. 90 సీసీకి మించిన బండ్లు పదహారేళ్లు నిండిన వారికేనని తయారీదారులు దశాబ్దాలుగా హెచ్చరిక చీటీ అంటించడం ఇందుకే. సామాను సంగతికొస్తే, రాక్ ఎంత బరువు మోయగలదో మాన్యువల్ చూసి తెలుసుకోవచ్చు. సగం నిండిన నీళ్ల డబ్బా అంతకన్నా తక్కువే తూగినా, వాలులో లోపలి నీరు ఒకవైపుకు పారి తూకాన్ని చెడగొడుతుందని మాత్రం అనుభవం ఉన్నవారు కూడా మరిచిపోతుంటారు.

మనిషి శరీరం బండి యంత్రాంగంలో ఒక భాగమైనప్పుడు, ఆ శరీరం అలసిపోవడాన్ని యంత్రం చెడిపోవడంగానే లెక్కించాలి. ప్రయాణ ప్రణాళిక గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మ్యాపు, టైర్లు, పనిముట్ల దగ్గరే ఆగిపోతారు. అవన్నీ కావాలి. టైర్లలో గాలి తయారీదారు చెప్పిన కొలతలోనే, చాలా మోడళ్లలో పది పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలమానం) లోపే, ఉండాలి. అంత తక్కువ ఒత్తిడిని మామూలు గేజ్ సరిగ్గా చూపించదు కనుక దీనికి వేరే గేజ్ వాడాలి. ఒకవైపు గాలి తక్కువైతే బండి ఆ వైపే లాగుతుంది. అయితే వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది మధ్యాహ్నం మూడు గంటలకు మన కాళ్లలో ఎంత సత్తువ మిగిలి ఉంటుందన్నది. ఎగుడుదిగుడు బాటలో గంటల తరబడి పాదాల మీద లేచి నిలబడి, మోకాళ్లతో కుదుపులను తట్టుకునే మనిషికి దూరం కిలోమీటర్లలో తెలియదు. పొద్దున సునాయాసంగా ఒరిగి దాటిన పక్కవాలును సాయంత్రం అదే మనిషి సీటులో కుదురుగా కూర్చుని దాటబోతాడు, బండి ఒరిగేది అప్పుడే.

అందుకని ప్రణాళికలో అన్నిటికన్నా విలువైనది తిరుగుముఖం పట్టే సమయం. గమ్యం చేరినా చేరకపోయినా ఫలానా గంటకు వెనక్కి తిరగాలని బయలుదేరక ముందే నిర్ణయించుకోవాలి. బాట మీద ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయంలో ఉత్సాహం, మొహమాటం, ఇంత దూరం వచ్చామన్న పట్టుదల కలిసిపోతాయి. ఇంధనానికి మూడో వంతుల లెక్క పాటించడం మేలు: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడోది దారి తప్పినప్పుడో బురదలో చిక్కుకున్నప్పుడో ఖర్చు కావడానికి. గుంపుగా వెళ్తే అందరికన్నా నెమ్మదిగా నడిపేవారి వేగమే గుంపు వేగం కావాలి, ప్రతి చీలిక దగ్గరా వెనకవారు కనిపించేదాకా ముందువారు ఆగాలి. దుమ్ము లేచే బాటల్లో బండికీ బండికీ మధ్య దూరం పెంచకపోతే వెనకవారు గుడ్డిగా నడుపుతున్నట్టే.

బాట ఎంపికలోనూ ఇదే కొలమానం వాడాలి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఉన్న హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రైల్స్‌లో బాటలను కష్టాన్ని బట్టి ఆకుపచ్చ, నీలం, నలుపు రంగులతో గుర్తిస్తారు, హెల్మెట్ అక్కడ తప్పనిసరి. ఇలాంటి వర్గీకరణ ఉన్నచోట గుంపులో అందరికన్నా కొత్తవారిని బట్టి రంగు ఎంచుకోవాలి. లేనిచోట మన కళ్లే ఆధారం. ఎత్తు ఎక్కబోయే ముందు దాని అవతల ఏముందో తెలియకపోతే దిగి నడిచి చూడాలి. వాగు దాటే ముందు కర్రతో లోతు చూడాలి, నీరు పాదాలు పెట్టుకునే చోటును దాటేలా ఉంటే లేదా ప్రవాహం బలంగా ఉంటే ఆ దారి వదులుకోవాలి. దాటాక నాలుగడుగులు బ్రేకు మెల్లగా నొక్కుతూ నడిపి, అది పొడిబారి మళ్లీ పట్టు దొరికిందని తేల్చుకున్నాకే వేగం పెంచాలి. తారు రోడ్డు సురక్షితమనుకోవడం మరో పొరపాటు. మెత్తని టైర్లు గట్టి రోడ్డును అతిగా పట్టుకోవడం వల్ల మలుపులో బండి పల్టీ కొట్టవచ్చు, అక్కడ ఇతర వాహనాలూ ఉంటాయి.

ఎత్తు మధ్యలో ఇంజిన్ ఆగిపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బండి వెనక్కి జారడం మొదలయ్యాక వెనక బ్రేకును ఒక్కసారిగా బిగిస్తే ముందుభాగం లేచి నడిపేవారి మీద పడుతుంది. కాబట్టి వేగం పూర్తిగా పోకముందే, బండి ఇంకా ముందుకు కదులుతుండగానే బరువును ముందుకు తెచ్చి బ్రేకు పట్టాలి, పార్కింగ్ బ్రేకు వేసి పైవైపుకు దిగాలి. ఒకవేళ బండి అదుపు తప్పితే వదిలేయాలి. దాన్ని ఆపబోయి కిందికి చేరినవారు దాని కింద చిక్కుకుంటారు.

చిక్కుకోవడం అన్న ఈ మాట దగ్గరే ప్రపంచవ్యాప్త వాదం ఒకటి నడుస్తోంది. బోల్తా పడిన ఏటీవీ కింద ఛాతీ నలిగి, ఎముక విరగకపోయినా ఊపిరాడక చనిపోయినవారు ఉన్నారు. ఈ మరణాలను దృష్టిలో ఉంచుకుని ఆస్ట్రేలియా 2019లో ఒక భద్రతా ప్రమాణం తెచ్చింది. 2021 అక్టోబరు 11 నుంచి అక్కడ అమ్మే సాధారణ వినియోగపు కొత్త క్వాడ్ బైకులకు (నాలుగు చక్రాల ఏటీవీలకు అక్కడి పేరు), బోల్తా పడినప్పుడు మనిషికీ బండికీ మధ్య ఖాళీ మిగిల్చే రక్షణ కమ్మీ ఉండాలి. పక్కవాలు పరీక్షలో 28.81 డిగ్రీల కోణానికి ముందే బండి రెండు చక్రాల మీదికి లేవకూడదు. హోండా, యమహా వంటి సంస్థలు దీన్ని వ్యతిరేకించి ఆ మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. కమ్మీయే మనిషిని గాయపరచవచ్చని, శిక్షణ, హెల్మెట్ సరైన మార్గాలని వాటి వాదన. శిక్షణ విలువను నేను ఏమాత్రం తక్కువ చేయను. కానీ మనిషి తూకం మీద ఆధారపడే బండిలో మనిషి ఏదో ఒక రోజు అలసిపోతాడు, పరధ్యానంలో పడతాడు. ఆ రోజు కోసం బండిలోనే ఒక ఏర్పాటు ఉండాలన్న ఆస్ట్రేలియా వైఖరి నాకు సబబుగా కనిపిస్తోంది.

రక్షణ కమ్మీ ఊపిరి పీల్చుకునే చోటు మాత్రమే ఇవ్వగలదు, బండిని ఎత్తి మనిషిని బయటికి తీయాల్సింది ఇంకో మనిషే. అందుకే ఒంటరిగా వెళ్లకూడదు. ఫోన్ సిగ్నల్ అందని చోటికి వెళ్తుంటే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపే అత్యవసర బీకన్ ఉండాలి, దాన్ని సామాను సంచిలో కాక ఒంటి మీదే పెట్టుకోవాలి. బండి కింద ఇరుక్కున్నవారి చేతికి సంచి అందదు. వెళ్లే దారి, ఆపబోయే చోట్లు, తిరిగొచ్చే గంట, ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. దారి మధ్యలో మనసు మార్చుకుని వేరే బాట పట్టాలనిపిస్తే, సిగ్నల్ ఉన్నచోటే ఆగి ఆ కాగితం ఉన్నవారికి చెప్పాలి. చెప్పే వీలు లేకపోతే రాసిన దారిలోనే వెళ్లాలి, వెతికేవారు మొదట వచ్చేది ఆ దారికే.