గొడ్ల పాక అన్నందుకు

మొన్నటి ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముగిసి భోజనాల వరుసలో నిలుచున్నప్పుడు, మేము స్థిరపడటానికి స్విట్జర్లాండ్‌లోని గ్రౌబ్యూండెన్ కొండల్లో కట్టుకుంటున్న ఇంటి నమూనాను ఫోనులో చూపించాను. మన సంఘం పెద్దాయన ఒకరు కళ్లజోడు సర్దుకొని, "ఇన్ని లక్షల ఫ్రాంకులు పోసి గొడ్ల పాక కట్టుకుంటున్నావా నాయనా!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అరగంట ముందు వేదికమీద కోనసీమలోని తమ మండువా లోగిలిని తలచుకొని గొంతు పూడుకుపోయినది ఆయనకే.

ఆయన పోలిక తప్పేమీ కాదు. నాకు మాదిరి ఆ కొండల్లోనే ఉన్న వ్రిన్ గ్రామం. ఆ ఊరివాడే అయిన వాస్తుశిల్పి జియోన్ కమినాడా, దూలాలను అడ్డంగా పేర్చి మూలల్లో ఒకదానిలో ఒకటి గాడి కట్టే పాత 'ష్ట్రిక్‌బావ్' పద్ధతిలోనే అక్కడ కొత్త ఇళ్లను, పశువుల కొట్టాలను, 2002లో పూర్తయిన, మరణించినవారిని కడసారి చూపుకు ఉంచే ఇంటిని కూడా రూపొందించారు. కలప పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా మాత్రం ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది; అందువల్ల ఇలాంటి గోడ కట్టిన తరువాత అంతస్తుకు కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది కనుక కిటికీ చట్రం పైన సందు వదిలి పలకతో కప్పుతారు. మా వడ్రంగి ఆ సందులో వేలు పెట్టి, "ఇది మూసుకున్నాక ఇల్లు కుదుటపడినట్టు" అన్నాడు. నేటి చలి లెక్కలకు ఆ గోడ ఒక్కటే చాలదు, లోపల గొర్రె ఉన్ని పొర వేయించాము. గోడంత కిటికీ కావాలంటే మాత్రం అల్లిక తెగుతుంది. వెలుతురు తక్కువన్న ఫిర్యాదు అందుకే న్యాయమైనది.

వాస్తును వెక్కిరించే నేను, అమ్మ ఫోనులో పట్టుబట్టగానే వంటిల్లును ఆగ్నేయానికి జరిపాను. అంతకంటే చెప్పుకోలేని సంగతి మరొకటి ఉంది. మా తాతగారి మండువా ఇంటిని పడగొట్టి స్లాబు వేయించినది మా నాన్నగారే. ఆ టేకు స్తంభాలు అమ్మిన డబ్బుతోనే నా ఇంజనీరింగు మొదటి ఏడాది ఫీజు కట్టారు.

ఇప్పుడు మన సంఘం కొండల్లో విడిది ఇల్లు కావాలంటోంది, అద్దాల తెల్లటి భవనం బొమ్మలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. 2012 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత, మొత్తం ఇళ్లలో సెలవు ఇళ్లు 20 శాతం దాటిన గ్రామాల్లో సాధారణంగా కొత్తవి కట్టనివ్వరు. అందుచేత పాత ఇల్లొకటి తీసుకొని, దాని గోడలు ఉంచి బాగుచేయించుకుందామని కార్యవర్గానికి నా మనవి. తీర్మానానికి ముందు ఒక ఆదివారం అందరూ వ్రిన్ రండి, పులిహోర నేను తెస్తాను. పెద్దాయన తప్పక రావాలి. మండువాలో వాన ఎక్కడ పడేదో, ఆ నీరు ఎటు పోయేదో మా వడ్రంగికి ఆయనే చెప్పాలి.