రొట్టెకు శాలువా

దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లిన ఓ యూట్యూబ్ వంటల పెద్దమనిషి అక్కడి కర్రపెండలం రొట్టె ముక్క కొరికి, కళ్లు మూసుకుని, 'గ్లూటెన్ ఫ్రీ' అన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

అవును నాయనా, గోధుమలో ఉండే ఆ జిగురు పదార్థం, గ్లూటెన్, ఇందులో లేదు. చేదు రకం దుంపలో ఉండేది సైనైడ్ గొడవ! మనం పాయసంలో వేసుకునే సగ్గుబియ్యం కూడా కర్రపెండలం నుంచే వస్తుంది. సామర్లకోట వైపు వెళ్లి అడగండి, దాన్ని తలచుకుని కళ్లు మూసుకునేవాడు ఒక్కడు కనబడితే ఒట్టు.

ఆ విషం వదిలించడానికి అక్కడి కలీన్య, లొకోనో ఆదివాసీ ఆడవాళ్లు దుంప చెక్కి, తురిమి, మటాపి అనే అల్లిన పొడుగాటి గొట్టంలో కూరతారు. దాన్ని దూలానికి వేలాడదీసి, కింది కొసన కర్ర దూర్చి, ఆ కర్ర మీద కూర్చుంటారు. గొట్టం సాగుతుంది, సన్నబడుతుంది, రసం కారిపోతుంది. మిగిలిన పిండి జల్లించి పెద్ద పెనం మీద పలచగా పరిచి కాలుస్తారు. ఎండబెడితే నెలల తరబడి నిలవుంటుంది.

ఆ మటాపిలో ఓసారి 'రొట్టె సాంస్కృతిక ప్రాధాన్యం' అనే సదస్సును కూరి చూడాలని నా కోరిక. కర్ర మీద కాస్త బరువైన మంత్రిగారిని కూర్చోబెట్టాలి. ముందు స్వాగతోపన్యాసం బొటబొటా కారుతుంది. తర్వాత జ్యోతి ప్రజ్వలన నూనె. మంత్రిగారు ఇటు నుంచి అటు సర్దుకుంటే కీలకోపన్యాసం ధారకడుతుంది, అది గంటన్నర ఆగదు. చివరికి వందన సమర్పణ కూడా చుక్కలు చుక్కలుగా దిగిపోయాక గొట్టం విప్పుతాం. చిటికెడు పిండి ఉండదు. తడిసిన శాలువా ఒకటి ఉంటుంది.

2024 డిసెంబరులో యునెస్కో ఈ రొట్టె తయారీని వారసత్వ జాబితాలో చేర్చింది. క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, హైతీ, హోండురాస్, వెనెజువెలా పేర్లున్నాయి. సురినామ్ లేదు. శాలువా పోతే పోయింది.

నేల సంగతేమిటి? 2015 నవంబరు 25న, సరిగ్గా సురినామ్ స్వాతంత్ర్యానికి 40 ఏళ్లు నిండిన రోజున, అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల న్యాయస్థానం కలీన్య, లొకోనో ప్రజలకు వాళ్ల భూమి మీద ఉమ్మడి హక్కు రాసివ్వమంది. బాక్సైట్ కోసం తవ్వి పాడుచేసిన వానె క్రీక్ అడవిని బాగుచేయమంది. ఏళ్లు గడిచాయి. పట్టా ఏదీ? రొట్టె వాళ్ల సంస్కృతి, దుంప నాటే నేల మాత్రం సర్కారుదా? తాతముత్తాతల నాటి నుంచి ఉన్న మనిషి తన చేలోనే పరాయివాడెలా అవుతాడు? సిగ్గుండాలి కదా, ఎవరికో ఒకరికైనా!

వీడియో చివర్లో మన పెద్దమనిషి కళ్లు తెరిచి, పిండి కొనే లింకు కింద ఇచ్చానన్నాడు.