పగలంతా ఇంట్లో ఉండే మనిషిని అడిగి ఇల్లు కొనండి

ఇంగ్లండ్‌లోని రెడింగ్ పరిసరాల్లో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు సాధారణంగా మూడు విషయాలు ఆరా తీస్తాయి. స్టేషన్ ఎంత దూరం, బడి ఎలాంటిది, చుట్టుపక్కల మనవాళ్లు ఎందరున్నారు. మూడూ అడగవలసినవే. అయితే ఆ మూడింటికీ మంచి సమాధానాలు దొరికిన ఇంట్లోనే మేము ఐదేళ్లు అవస్థ పడ్డాం కనుక, వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు ఉద్యోగస్తులూ పిల్లలూ వెళ్లిపోయాక ఆ ఇంట్లో మిగిలే మనిషి సాయంత్రం దాకా ఎక్కడికి వెళ్లగలదు, ఎవరితో మాట్లాడగలదు, ఎవరి సాయం లేకుండా ఏ పని చేసుకోగలదు?

మేము మొదటి ఇల్లు 2014లో కొన్నాం. వోకింగ్‌హామ్ దాటాక పొలాల మధ్య కొత్తగా కట్టిన ఎస్టేట్ అది. వంటగది విశాలంగా ఉంది, రెండు కార్లకు చోటుంది, నేను పది నిమిషాల్లో స్టేషన్‌కు చేరేవాణ్ని. మరుసటి వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి సందర్శకుల వీసా మీద వచ్చింది. ఆ వీసా అనుమతించే ఆరు నెలలూ ఉండి వెళ్లాలని, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించాలని రెండు వాచకాలు కూడా సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆ ఎస్టేట్‌కు బస్సు గంటకొకటి వచ్చేది, సాయంత్రం ఏడు తరువాత అదీ లేదు. కాలిబాట ఇళ్లు అయిపోయినచోటే అయిపోయేది. పాల డబ్బా కావాలన్నా కారు తీయాలి. నా భార్యకు అప్పటికి ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. మూడో వారంలో అమ్మ ఒకరోజు, "నాయనా, ఇల్లు బంగారంలా ఉంది, కానీ గడప దాటితే వెళ్లడానికి చోటే లేదురా" అంది. పదకొండో వారంలో టికెట్ మార్పించుకుని వెళ్లిపోయింది. పిల్లలు "అ" నుంచి "ఔ" దాకానే నేర్చుకున్నారు.

ఆ మాటను నేను ఆరోజు సరిగా అర్థం చేసుకోలేదు. ముసలివాళ్లకు ఎక్కడైనా తోచదులే అనుకున్నాను. 2019లో రెడింగ్‌ను ఆనుకుని ఉన్న లోయర్ ఎర్లీకి మారాక గానీ, తోచకపోవడం ఆమె వయసు వల్ల కాదని, నేను ఎంచిన చోటు వల్లేనని తెలియలేదు. అదే అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు గ్రంథాలయానికీ సూపర్‌మార్కెట్‌కూ తనంతట తాను నడిచి వెళ్లింది, మెయిడెన్ ఎర్లీ సరస్సు చుట్టూ రోజూ తిరిగింది, వారం తిరిగేసరికి 21వ నంబరు బస్సెక్కి ఊళ్లోకి వెళ్లి రావడం నేర్చుకుంది. 1970ల చివర మొదలుపెట్టి కట్టిన ఈ ఇళ్లు మా పాత ఇంటికన్నా చిన్నవి, పైకప్పులు తక్కువ ఎత్తువి. అయినా ఆరు నెలలూ ఉండి వెళ్లింది.

అందుకని ఈ ప్రాంతంలోని ఒక్కొక్క చోటునూ నేను ఇప్పుడు ఈ కంటితోనే చూస్తాను. రెడింగ్‌లో బస్సు సంస్థ కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) సొంతం. ఇంగ్లండ్‌లో ఇలా మిగిలిన ఊళ్లు కొన్నే. దాని విలువ కారు నడిపేవారికి తెలియదు. 17వ నంబరు బస్సు పడమట టైల్‌హర్స్ట్‌లో బయలుదేరి ఆక్స్‌ఫర్డ్ రోడ్ మీదుగా ఊరి నడిబొడ్డుకు వచ్చి, అక్కడినుంచి వోకింగ్‌హామ్ రోడ్ మీదుగా తూర్పున త్రీ టన్స్ దాకా పోతుంది. మన పప్పులూ కరివేపాకూ బెండకాయలూ దొరికే అంగళ్లు ఎక్కువగా ఉన్న రెండు వీధులనూ ఆ ఒక్క బస్సే కలుపుతుంది. 2025 జనవరి నుంచి ఒకవైపు ప్రయాణానికి 3 పౌండ్లకు మించి తీసుకోరాదన్న నియమం ఉంది కనుక ఖర్చు కూడా భారం కాదు. వుడ్లీలో కార్లు రాని అంగళ్ల వీధి ఒకటుంది, పెద్దవాళ్లు భయం లేకుండా తిరగవచ్చు. ఇటువంటి చోట మూడు పడకగదుల పాత ఇల్లు, బస్సు లేనిచోట నాలుగు పడకగదుల కొత్త ఇల్లు ఒకే ధరకు వస్తే, నేను సందేహించకుండా మొదటిదే కొనమంటాను.

రెడింగ్‌కూ లండన్‌కూ మధ్య ఉన్న స్లౌ గురించి ఒక మాట చెప్పాలి. స్లౌ అనగానే మనవాళ్లలో చాలామంది ముఖం చిట్లిస్తారు. ఆ తీర్పు అన్యాయమైనదని నా అభిప్రాయం. నడిచి వెళ్లే దూరంలో భారతీయుల అంగళ్లు, కీల్ డ్రైవ్‌లో హిందూ దేవాలయం, నాలుగు గ్రామర్ స్కూళ్లు (ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ బడులు), లండన్ నడిబొడ్డుకు నేరుగా ఎలిజబెత్ లైన్ రైలు ఉన్న ఊరిని, పగలంతా ఇంట్లో ఉండే మనిషి కోసం ఇల్లు వెతికేవారు తీసిపారేయకూడదు. లోపాలు లేవని కాదు. అక్కడి కౌన్సిల్ 2021 జులైలో, తన ఖర్చులకు తన ఆదాయం చాలదని చట్టప్రకారం ప్రకటించవలసి వచ్చింది. 2023లో కౌన్సిల్ ట్యాక్స్‌ను (ఇళ్ల మీద వేసే స్థానిక పన్నును) దాదాపు 10 శాతం పెంచడానికి ప్రత్యేక అనుమతి పొందింది. లాంగ్లీ, కోల్న్‌బ్రూక్ వైపు హీత్రో విమానాల చప్పుడు ఉంటుంది. మూడో రన్‌వేకు 2025 జనవరిలో ప్రభుత్వం మద్దతు ప్రకటించింది కనుక ఆ దిక్కున కొనేవారు పొద్దున్న ఆరింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఆ వీధిలో నిలబడి విని తీరాలి. ఈ లోపాలను బేరీజు వేసుకున్నాక వద్దనుకుంటే వద్దనుకోవచ్చు. పేరు విని మాత్రం వద్దనుకోకూడదు.

చిరునామాను నమ్మి మోసపోవడం ఇక్కడ తరచు జరుగుతుంది. ఒకప్పుడు బెర్క్‌షైర్ మొత్తానికి ఒకే కౌంటీ కౌన్సిల్ ఉండేది. 1998లో దాన్ని రద్దు చేశాక ఆరు కౌన్సిళ్లు ఎవరి పాలన వారివి అయ్యాయి. ఎర్లీ, వుడ్లీ వాసుల చిరునామాలో రెడింగ్ అనే ఉంటుంది, కానీ అవి వోకింగ్‌హామ్ కౌన్సిల్ కిందివి. కాల్కట్, పర్లీ కూడా చూడటానికి రెడింగ్‌లో కలిసిపోయినట్టే ఉంటాయి, అవి వెస్ట్ బెర్క్‌షైర్‌వి. డాచెట్‌కు స్లౌ పిన్‌కోడ్ ఉంటుంది, పాలన మాత్రం విండ్సర్-మెయిడెన్‌హెడ్ కౌన్సిల్‌ది. చెత్త ఎప్పుడు తీసుకెళ్తారు, కౌన్సిల్ ట్యాక్స్ ఎంత, పిల్లవాడి దరఖాస్తు ఎవరికి పంపాలి అన్నవన్నీ ఈ కనబడని గీతల మీదే ఆధారపడతాయి.

బడి విషయంలో మన ఆరాటం నాకు తెలుసు, నేనూ ఆరాటపడినవాణ్నే. రెడింగ్ స్కూల్, కెండ్రిక్ స్కూల్ అనే రెండు గ్రామర్ స్కూళ్ల కోసమే ఈ ఊరికి వచ్చే కుటుంబాలున్నాయి. ప్రవేశ పరీక్షలో అర్హత సాధించడంతోపాటు నివాసప్రాంతాన్ని బట్టి కూడా ప్రాధాన్యం ఉంటుంది, ఆ నిబంధనలు మారుతూ ఉంటాయి, కాబట్టి స్నేహితుడి మాట కాక ఆ ఏటి ప్రవేశ నిబంధనలనే చదవాలి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. పదేళ్ల పిల్లవాడు ఒక పరీక్ష రాస్తాడన్న ఆశ మీద పాతికేళ్ల అప్పు చేయడం మంచిది కాదు. వాడికి సీటు రాకపోతే ఏ బడికి వెళ్తాడో ఆ బడి మీకు నచ్చినచోట ఇల్లు కొనండి. సెకండరీ దరఖాస్తుకు అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15 గడువు తేదీలు. ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు, ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా అమ్మేవారు వెనక్కి తగ్గవచ్చు, అప్పటిదాకా కౌన్సిళ్లు సాధారణంగా కొత్త చిరునామాను లెక్కలోకి తీసుకోవు. ఆగస్టులో ఇల్లు చూసి అక్టోబరుకల్లా అన్నీ అయిపోతాయనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. బడి మంచిచెడులను ఒక్క మాటలో తేల్చే పద్ధతిని, బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ 2024 సెప్టెంబరులో మానేసింది కనుక ఇక ఆ పాత "అవుట్‌స్టాండింగ్" ముద్ర ఒక్కటే చూసి నిర్ణయించుకోవడం కుదరదు. బడి గేటు దగ్గర మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నిలబడితే చాలా తెలుస్తుంది.

నది ఒడ్డు ఇళ్లు మనసును లాగుతాయి. 2014 ఫిబ్రవరిలో థేమ్స్ పొంగి డాచెట్, రేస్‌బరీ వీధులను ముంచింది. మెయిడెన్‌హెడ్, విండ్సర్ ఊళ్లను కాపాడటానికి తవ్విన జూబ్లీ నది 2002లో ప్రారంభమైన మరుసటి ఏడే, 2003 జనవరిలో, దిగువన ఉన్న ఊళ్లు నీట మునిగాయి. మా వైపు లాడన్ నది ఉంది. చిన్నదే అయినా విన్నర్ష్ దగ్గర పొంగుతుంది. వరద ముప్పున్న ఇళ్లకు అందుబాటు ధరలో బీమా దొరకడానికి 2016లో ఫ్లడ్ రీ అనే ఏర్పాటు వచ్చింది, కానీ 2009 జనవరి 1 తరువాత కట్టిన ఇళ్లకు అది వర్తించదు. అంటే నది పక్కన కొత్త ఇల్లు కొన్నవారికే రక్షణ తక్కువ. ఆఫర్ పెట్టకముందే బీమా కొటేషన్ తీసుకోండి. దక్షిణాన గ్రేజ్లీ, త్రీ మైల్ క్రాస్, స్పెన్సర్స్ వుడ్ వైపు చూసేవారు బర్గ్‌ఫీల్డ్‌లోని అణ్వాయుధ కర్మాగారం గురించి కూడా తెలుసుకోవాలి. దాని అత్యవసర ప్రణాళిక పరిధిని 2020లో పెంచారు. గ్రేజ్లీలో 15,000 ఇళ్లతో కట్టాలనుకున్న కొత్త ఊరు ఆ కారణంగానే ఆగిపోయింది. అక్కడ నివసించడం ప్రమాదమని నేను అనను. ఇంటి కాగితాలు పరిశీలించే మీ సొలిసిటర్ (న్యాయవాది) శోధనలో ఆ మాట మొదటిసారి చూసి ఉలిక్కిపడకూడదని మాత్రమే అంటున్నాను.

ఎక్కడ కొనాలన్నది ఎంత పెట్టగలమన్నదాని మీద ఆధారపడుతుంది. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. 450,000 పౌండ్ల ఇల్లు మొదటిసారి కొనేవారికి స్టాంప్ డ్యూటీ 7,500 పౌండ్లు. కానీ "మొదటిసారి" అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఇల్లు గానీ ఫ్లాటు గానీ ఎన్నడూ సొంతంగా లేనివారు అని అర్థం. వారసత్వంగా వచ్చినది కూడా లెక్కే. అంతేకాక, భార్యాభర్తల్లో ఎవరికైనా 40,000 పౌండ్లు లేదా అంతకు మించిన విలువగల ఇల్లు మరొకటి ఎక్కడైనా ఉంటే 5 శాతం అదనపు సుంకం పడుతుంది. పెళ్లప్పుడు తండ్రి కూకట్‌పల్లిలో కూతురి పేరిట రాసిచ్చిన, అంత విలువగల ఫ్లాటు ఉందనుకోండి. దంపతులిద్దరూ కలిసి అదే 450,000 పౌండ్ల ఇల్లు కొంటే కట్టవలసింది 35,000 పౌండ్లు. పొలం, ఖాళీ స్థలం ఈ లెక్కలోకి రావు. మొదటిసారి కొనేవారు కట్టేదానికీ ఈ దంపతులు కట్టేదానికీ తేడా 27,500 పౌండ్లు. ఆ డబ్బు చేతిలో ఉంటే బస్సు తిరిగే వీధిలో ఇల్లు వచ్చేది, అది సుంకానికి పోయినందువల్ల ఊరికి దూరంగా జరగవలసివచ్చిన కుటుంబాలను చూశాను. సొలిసిటర్ అడిగేదాకా ఆ ఫ్లాటు సంగతి ఎవరికీ గుర్తురాదు. ఇళ్లు చూడటం మొదలుపెట్టకముందే ఆలుమగలిద్దరూ కూర్చుని, అక్కడ ఎవరి పేరిట ఏముందో కాగితం మీద రాసుకుని, తెలిసినవారి చేత లెక్క కట్టించుకోవాలి.

రెడింగ్, స్లౌ స్టేషన్ల పక్కన లేచిన ఫ్లాట్ల గురించి ఎక్కువ చెప్పను. నడక జీవితానికి అవి బాగుంటాయి. ఇక్కడ ఫ్లాటును సాధారణంగా ఇన్నేళ్లని లీజు మీదే కొంటాం కనుక, ఆ లీజులో ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయో, గత మూడేళ్లలో సర్వీస్ ఛార్జ్ ఎలా పెరిగిందో కాగితాలు చూడనిదే ముందుకు వెళ్లవద్దు. 2022 జూన్ 30 తరువాతి కొత్త లీజులకు గ్రౌండ్ రెంట్ (నేల యజమానికి కట్టే అద్దె) ఉండదు, అంతకుముందువాటికి ఉండవచ్చు.

మా వీధిలో అద్దెకు ఉంటున్న ఒక యువ దంపతులు ఈ నెలలో రెండు ఇళ్లు చూడబోతున్నారు. ఒకటి స్పెన్సర్స్ వుడ్ వైపు కొత్త ఇల్లు, ఇంకొకటి వోకింగ్‌హామ్ రోడ్‌కు దగ్గరలో పాతది. శనివారం కారులో వెళ్తామన్నారు. మంగళవారం పదకొండింటికి, బస్సులో వెళ్లమన్నాను. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటారు. ఆవిడను వెంట తీసుకెళ్లి, ఇల్లు చూశాక ఒక గంటసేపు ఆ వీధిలో ఆవిడను ముందు నడవనిచ్చి, మీరు వెనక నడవండి అని చెప్పాను.