కీర్తన 105లో పదిహేనో వచనం ఒక్కటే ఉందా?

నిన్న ఒక్కరోజే ఆ మెసేజ్ నాకు నాలుగు సార్లొచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి పెట్టాడు, యూత్ గ్రూపులో ఎవరో పెట్టారు, కాలేజీ ఫ్రెండ్ విడిగా పంపింది, ఆఖరికి మా ఓనరాంటీ కూడా "చదువుకో తల్లీ, చాలా ఆశీర్వాదకరంగా ఉంది" అని పంపారు. "దైవజనుల మీద నోరు తెరిచే ముందు ఇది చదవండి" అని హెడ్డింగు, కింద ఆరు పాయింట్లు. చూడనోళ్ళ కోసం చెప్తా. ఒకటి, పాస్టర్లే దేవుని సేవకులు, మనం విశ్వాసులం, మన పని లోబడటం. రెండు, అభిషిక్తుల్ని (దేవుడు ప్రత్యేకించుకున్నోళ్ళని) ముట్టకూడదు, అంటే ప్రశ్నించకూడదు. మూడు, ప్రశ్నించినోళ్ళకి రోగాలొచ్చాయి. నాలుగు, దేవుడికిచ్చిన కానుకకి లెక్క అడగడం దొంగతనం లాంటిది. ఐదు, దైవజనుడు నిలబడి ఉంటే మనం కూర్చోకూడదు. ఆరు, పదిమందికి పంపితే మూడు రోజుల్లో అద్భుతం.

మామూలుగా అయితే ఇలాంటివి చూసి వదిలేస్తా. ఆ మూడో పాయింట్ వల్ల వదల్లేకపోయా, దానికి తర్వాతొస్తా.

ఆరోది పాత సరుకే. చిన్నప్పుడు పోస్టుకార్డు మీద "ఇది ఇంతమందికి రాయకపోతే రక్తం కక్కుకుంటావు" అని వచ్చేవి, ఇప్పుడు నెట్ ప్యాక్ వేయించుకుని వచ్చింది అంతే. ఐదోదానికి యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదువుకోండి, ఎవరిని మంచిచోట కూర్చోబెట్టాలి, ఎవరిని కింద కూర్చోమనాలి అనే బుద్ధికి అక్కడే వాతలు పెట్టాడు. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు ఎందుకో.

ఇక ఒకటోది. మన బైబిల్లోనే "తోడిదాసుడు" అని చక్కటి మాట ఉంది, అంటే ఒకే యజమాని కింద పనిచేసే తోటి సేవకుడు. కొలొస్సయుల దగ్గరికెళ్ళి సువార్త చెప్పిన ఎపఫ్రాని పౌలు మా తోడిదాసుడు అన్నాడు, నా అసిస్టెంట్ అనలేదు. ప్రకటన గ్రంథం చివర్లో యోహాను దూత కాళ్ళ మీద పడబోతే దూత వద్దుసుమీ అని ఆపి, నేనూ నీతోనూ నీ సహోదరులతోనూ సహదాసుణ్ణే, దేవుడికి మొక్కు అన్నాడు. దూతకే పనికిరాని దండాలు మన స్టేజీ మీద ఎలా పనికొస్తున్నాయో నాకు అర్థం కాదు. మన దగ్గర సంగతే తీసుకోండి, 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన, బాప్తిస్మం తీసుకున్న వాళ్ళ చేత వాళ్ళ తల మీదే చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవాడు. వాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో కూలి చేసుకునే మాల మాదిగ పల్లెల జనం. అంతకుముందు ఒంగోలు వైపు 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, బేరానికి తిరిగే ఊళ్ళల్లోనే తనవాళ్ళకి చెప్పుకుంటూ పోయాడు. ఎవరి లైసెన్సు కోసం ఆగాడట?

రెండోది చూద్దాం. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు", కీర్తన 105, పదిహేనో వచనం. కరెక్టే, ఉంది. పైన పన్నెండు, పదమూడు, పద్నాలుగు కూడా ఉన్నాయి కదా, వేలు కొంచెం పైకి జరిపితే కనబడతాయి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము ఇస్సాకు యాకోబులు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్న కొద్దిమంది పరదేశులు, దిక్కులేనోళ్ళు. దేవుడు ముట్టొద్దని గద్దించింది ఎవర్ని? రాజుల్ని. బలం ఉన్నోడు బలం లేనోడి మీద చెయ్యి వెయ్యకూడదని చెప్పిన మాటని తీసుకొచ్చి మైకు చేతిలో ఉన్నాయన్ని కింద చాప మీద కూర్చున్న ముసలమ్మ అడగకూడదు అనడానికి వాడేస్తున్నారు, ఎంత తిరగేశారో చూడండి.

వెంటనే, తనని తరుముతున్న సౌలు రాజుని కూడా అభిషిక్తుడని దావీదు ముట్టలేదు కదా అంటారు. చంపలేదండీ. అడగడం మాత్రం బ్రహ్మాండంగా అడిగాడు. గుహలోంచి బయటికొచ్చి, కోసిన చెంగు ముక్క చేత్తో పట్టుకుని, నన్నెందుకు తరుముతున్నావు అని కేకేసి మరీ అడిగాడు, సౌలు వెంట అప్పుడు మూడు వేల మంది ఉన్నారు. ఆ దావీదు కూడా అభిషిక్తుడే, తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖం మీదే నిలదీశాడు. పైగా మొదటి యోహాను రెండో అధ్యాయం ప్రకారం అభిషేకం పొందింది సంఘంలో ఉన్న విశ్వాసులందరూనూ. అంటే మా పెద్దమ్మ కూడా అభిషిక్తురాలే. మరి ఆమెని ముట్టొచ్చా?

నాలుగోది త్వరగా చెప్పేస్తా. సమూయేలు ప్రవక్త ముసలితనంలో జనం ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా చెప్పండి అని తనే అడిగాడు. పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా తీసుకెళ్ళేటప్పుడు ఎవరూ తప్పు పట్టకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని పక్కన పెట్టుకున్నాడు, రెండో కొరింథీ ఎనిమిదిలో ఉంది. వాళ్ళిద్దరికంటే మనోళ్ళు పెద్ద దైవజనులైతే చెప్పండి, లెక్కలు అడగను.

ఇప్పుడు మూడోది.

మా పెద్దమ్మ వాళ్ళ ఊరి చర్చికి స్లాబ్ వేస్తామని ఇంటికి ఐదు వేలు వేశారు. మిరపకాయలు కోసిన కూలి డబ్బులు తీసుకెళ్ళి ఇచ్చింది. రెండేళ్ళయినా స్లాబ్ పడలేదు, తోలిన ఇసుక మీద గడ్డి మొలిచింది. ఒకాదివారం ఆరాధన అయ్యాక, "అయ్యగారూ, ఎంత వసూలైందో ఒక కాయితం మీద రాసి గోడకి అంటించండయ్యా" అంది. అంతే, గొడవ పడలేదు, అరవలేదు. ఎనిమిది నెలలకి రొమ్ములో గడ్డ. సంఘంలోవాళ్ళు ఇద్దరు ఇంటికొచ్చి దైవజనుణ్ణి దుఃఖపెట్టావు, అందుకే ఇది అన్నారు. నమ్మింది. మూడు నెలలు ఆస్పత్రి మొహం చూడకుండా శుక్రవారం శుక్రవారం ఉపవాసాలు చేసింది. చివరికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఇంత లేటెందుకమ్మా అంటే చేలో పనులండీ అంది. ఆ రాత్రి వరండాలో ఇడ్లీ పొట్లం విప్పుతూ నాకు చెప్పింది అసలు సంగతి, సంచిలోంచి బైబిలు తీసి చూపించింది. పదిహేనో వచనం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. వచ్చినావిడ గీసిచ్చి వెళ్ళిందట.

ఈ గీతలే ఇప్పుడు మీ మెసేజ్ అయ్యాయి. అర్థమవుతోందా బాబాయ్?

ఆ మూడో పాయింట్ కింద, ఎలీషా ప్రవక్తని ఎగతాళి చేసినోళ్ళని ఎలుగుబంట్లు చీల్చాయిగా, మోషేకి ఎదురు మాట్లాడిన అక్క మిర్యాముకి కుష్ఠు వచ్చిందిగా అని రాశారు. ఎలీషాని ఆ పిల్లలు లెక్కలేం అడగలేదు, బోడివాడా అని వెక్కిరించారు. మిర్యాముకి వచ్చింది, కాదనను. ఆమె కూడా స్లాబ్ గురించి అడగలేదు, కూషు దేశపు మరదలి గురించి మాట్లాడింది, అది వేరే సంగతి. తర్వాతేమైందో ఎందుకు రాయలేదు? ఆమెని బాగుచెయ్యమని దేవుడికి మొరపెట్టింది మోషేనే. ఏడు రోజులు ఆమె పాళెం బయట ఉంటే తిరిగి లోపలికి వచ్చేదాకా జనం అంతా ప్రయాణం ఆపుకుని కూర్చున్నారు. మీ దైవజనులు మోషేలైతే ముందు మోకాళ్ళ మీద పడాల్సింది వాళ్ళు. గుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులడిగితే వీడూ కాదు, వీడి అమ్మానాన్నా కాదు అని యేసు చెప్పాడని సండే స్కూల్ పిల్లల్ని అడిగినా చెప్తారు. యోబు దగ్గరకొచ్చి నీ పాపం వల్లే అన్న స్నేహితుల మీద దేవుడికి కోపమొచ్చింది, యోబు మీద కాదు. యేసు చెప్పిన పదివేల తలాంతుల అప్పు కథలో, తన అప్పు మాఫీ అయ్యాక కూడా తోటి దాసుడి గొంతు పట్టుకున్నవాడి సంగతి మిగతా దాసులు వెళ్ళి యజమానికి చెప్పారు. మీకెందుకయ్యా అని వాళ్ళనేమైనా తిట్టాడా?

ఇంత రాశాక ఒకటి దాస్తే తప్పవుతుంది. పెద్ద మీద నేరం మోపాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని తిమోతి పత్రికలో ఉంది, యూట్యూబ్‌లో తంబ్‌నెయిళ్ళు పెట్టి పాస్టర్ల పరువు తీసేవాళ్ళలో ఎంతమంది అది చూశారు? పల్లెటూళ్ళలో చాలామంది సేవకులకి కానుకలతో ఇల్లు గడవదు, లెక్కలు లెక్కలు అని అరిచేవాళ్ళలో సగం మంది సంచిలో వేసేది పది నోటే. ఇంకోటి, ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. పెద్దమ్మకి కీమో పెట్టినప్పుడు రెండు సార్లు గుంటూరు దాకా బస్సులో వెంటెళ్ళి, దారంతా వాంతులు చేసుకుంటుంటే కవరు పట్టుకుని కూర్చుంది ఎవరో తెలుసా? ఆ అయ్యగారి భార్య, పాస్టరమ్మగారే. ఎవరూ చెప్పకుండా వెళ్ళింది. నేను హైదరాబాద్ నుంచి ఫోన్‌పే చేశా. నేను వెళ్ళే పెద్ద చర్చిలో పక్క కుర్చీ ఆవిడ పేరు కూడా నాకు తెలీదు, ఆశీర్వాదం అవ్వగానే పార్కింగ్‌లో బండి తీసుకోవడానికి పరిగెత్తుతా. అసలీ మెసేజ్ మనందరికీ ఎందుకంత నచ్చుతుందంటే, సేవకుడు ఆయనొక్కడే అనుకుంటే మనం ఏ పనీ పెట్టుకోకుండా ఆమెన్ అని ఇంటికి పోవచ్చు, అందుకు.

వచ్చే నెల చెకప్‌కి లీవ్ పెట్టా, ఈసారి బస్సులో పక్కన నేను కూర్చుంటా. నిన్న ఫోన్ చేసి ఈ మెసేజ్ చదివి వినిపిస్తే పెద్దమ్మ అంతా విని, "సర్లే గానీ, ఆ కాయితం ఇంకా అంటించలేదే, ఆదివారం మళ్ళీ అడుగుతా, మధ్యలో నువ్వేం మాట్లాడమాక" అంది.